ఫ్లైవీల్ రింగ్ గేర్ మార్పిడి: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఆటోనగర్ షెడ్లలో లారీ గేర్‌బాక్స్ దించినా, ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజను విప్పినా, రింగ్ గేర్ విషయంలో యజమానులు, కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఫ్లైవీల్ అంటే ఇంజను క్రాంక్ వెనుక తిరిగే బరువైన చక్రం. దాని అంచు చుట్టూ ఉండే పళ్ల ఉక్కు వలయమే రింగ్ గేర్. సెల్ఫ్ కొట్టినప్పుడు స్టార్టర్ మోటారు చివరనున్న పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఈ పళ్లను పట్టుకుని ఇంజనును తిప్పుతుంది. వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ కూర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. కొలతలు, టార్క్ అంకెల విషయంలో మీ ఇంజను సర్వీస్ మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. పాత రింగ్ ఊడదీసి కొత్తది ఎక్కించడం కొద్ది నిమిషాల పనే అయినా, అది ఏళ్ల తరబడి నిలుస్తుందా లేదా అన్నది ముందుగా తీసిన కొలతలూ, వేడిని అదుపులో పెట్టిన తీరూ నిర్ణయిస్తాయి. అందుకే వేడి గురించిన ప్రశ్నలకు ఎక్కువ చోటు ఇచ్చాం.

## లోపం రింగ్ గేర్‌దేనా?

సెల్ఫ్ కొడితే ఒక్కోసారి గరగరమంటోంది, ఒక్కోసారి మామూలుగానే స్టార్ట్ అవుతోంది. ఎందుకలా?

రింగ్ గేర్ పళ్లు కొన్నిచోట్ల మాత్రమే అరిగినప్పుడు కనిపించే లక్షణం ఇదే. ఇంజను ఆగినప్పుడు అరిగిన పళ్లు స్టార్టర్ ఎదుటకు వస్తే పినియన్ పట్టు దొరకక గరగరలాడుతుంది. మంచి పళ్లు వస్తే ఏ లోపమూ లేనట్టే తిరుగుతుంది. అనుమానం తీర్చుకోవడానికి సులువైన పరీక్ష ఒకటి ఉంది. గరగర వచ్చినప్పుడు ఇగ్నిషన్ ఆపి, సమతలంలో ఉన్న బండిని టాప్ గేరులో వేసి కొద్దిగా ముందుకు తోయండి. తర్వాత న్యూట్రల్ చేసి మళ్లీ సెల్ఫ్ కొట్టండి. ఈసారి శుభ్రంగా పట్టుకుంటే లోపం చాలావరకు రింగ్‌లోనే ఉందని అనుకోవచ్చు.

పళ్లు చుట్టూ సమానంగా అరగకుండా రెండు మూడు చోట్లే ఎందుకు అరుగుతాయి?

ఆపేసిన ఇంజను తన వేగంతో ఇంకొంచెం తిరిగి, ఏదో ఒక సిలిండర్‌లోని కంప్రెషన్‌ను దాటలేక ఆగిపోతుంది. కాబట్టి అది ఆగే చోట్లు దాదాపు స్థిరంగా ఉంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఇవి ఎదురెదురుగా రెండు చోట్లు, అంటే 180 డిగ్రీల దూరంలో ఉంటాయి. ఆరు సిలిండర్ల లారీ, బోటు ఇంజన్లలో 120 డిగ్రీలకు ఒకటి చొప్పున మూడు చోట్లు ఉంటాయి. ప్రతి స్టార్ట్‌లోనూ పినియన్ వచ్చి తగిలేది ఆ కొద్ది పళ్లకే కనుక అరుగుదల అక్కడే పోగవుతుంది.

రింగ్ పోయిందా, బెండెక్స్ (స్టార్టర్‌లో పినియన్‌ను మోసే భాగం) పోయిందా అన్నది గేర్‌బాక్స్ దించకుండా తెలుస్తుందా?

తెలుస్తుంది. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసి, స్టార్టర్‌ను విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి చూడండి. క్రాంక్ పుల్లీ బోల్టును పానాతో మామూలుగా ఇంజను తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పుతూ ప్రతి పంటినీ చూడాలి. అరిగినది మొదలైన చోట సుద్దతో గుర్తు పెట్టుకుంటే చుట్టు పూర్తయిందో లేదో తెలుస్తుంది. ఇంజను ఎక్కడ ఆగినా స్టార్టర్ ఒట్టిగా ‘గుయ్’మని తిరుగుతూ పళ్లకు మాత్రం దెబ్బ కనిపించకపోతే, బెండెక్స్‌లోని ఫ్రీవీల్ క్లచ్ జారుతోందని అర్థం. ‘టక్’మని ఆగిపోతుంటే ముందు బ్యాటరీ, ఎర్త్ కేబుల్, సాలినాయిడ్ (పినియన్‌ను ముందుకు తోసే విద్యుత్ స్విచ్) చూడాలి. ఈ తనిఖీ చేయకుండా గేర్‌బాక్స్ దించితే అనవసరపు కూలి తప్ప ఫలితం ఉండదు.

రింగ్ ఇంత త్వరగా ఎందుకు అరిగింది?

రింగ్ దానంతట అది పాడవడం అరుదు. దాన్ని పాడుచేసేది ఎక్కువగా స్టార్టర్ వైపు ఉన్న లోపమే. బ్యాటరీ బలహీనమైతే సాలినాయిడ్ పినియన్‌ను పూర్తిగా లోపలికి తోయలేదు. అప్పుడు పళ్ల అంచుల మీదే మోటారు తిరగడం మొదలై, వాటిని నమిలేస్తుంది. 12 వోల్టుల వ్యవస్థలో సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ సుమారు 9.6 కంటే దిగజారుతుంటే బ్యాటరీని, కేబుల్ బిగింపులను సరిచేయాలి. స్టార్టర్ బుష్‌లు అరగడం, దాని బోల్టులు వదులు కావడం, ఇంజను అందుకున్న తర్వాత కూడా తాళం వదలకపోవడం, తిరుగుతున్న ఇంజనుకు పొరపాటున మళ్లీ సెల్ఫ్ కొట్టడం తక్కిన కారణాలు. కారణాన్ని వదిలేసి రింగ్ మాత్రమే మారిస్తే కొత్తదానికీ అదే గతి పడుతుంది.

బోటు ఇంజనులో రింగ్ తుప్పు పట్టి పాడవుతోంది. లారీలకు ఇలా లేదు. తేడా ఏమిటి?

బోటు అడుగున చేరే ఉప్పునీరు మట్టం పెరిగి ఫ్లైవీల్ కింది అంచును తాకితే, తిరిగే చక్రం ఆ నీటిని హౌసింగ్ నిండా చిమ్ముతుంది. ఆగి ఉన్నప్పుడు పళ్ల మీద మిగిలిన ఉప్పు గుంటలు గుంటలుగా తినేస్తుంది, పినియన్ తగలగానే ఆ గుంటల దగ్గరే పంటి అంచు రాలుతుంది. ఆ నీటిని తోడే బిల్జ్ పంపు పని చేయకపోతే ఎన్ని రింగులు మార్చినా ఉపయోగం ఉండదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధ కాలం ఉంటుంది కనుక చాలామంది ఈ పనిని అప్పుడే పెట్టుకుంటారు. అయితే ఫ్లైవీల్‌ను ఒడ్డుకు తెచ్చి వేడి పని అక్కడే చేయాలి. డీజిలు ఆవిరి, చమురు గుడ్డలు ఉండే ఇరుకైన ఇంజను గదిలో గ్యాస్ మంట వెలిగించడం ప్రాణాంతకం.

## కొనే ముందు

కొత్త రింగ్ కొనడానికి దుకాణంలో ఏయే కొలతలు చెప్పాలి?

ఇంజను మోడల్, భాగం సంఖ్య చెప్పడం మొదటి మెట్టు. అయినా పాత రింగ్‌తో పోల్చి చూడకుండా డబ్బు ఇవ్వకండి. పళ్ల సంఖ్య, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం, పళ్ల అంచుకు చెక్కిన ఏటవాలు ఏ వైపు ఉంది అనే అయిదూ సరిపోవాలి. పళ్ల సంఖ్య ఒకటే అయినా పంటి పరిమాణం, అంటే మాడ్యూల్, వేరైతే పినియన్ కలవదు. మామూలు పళ్లకు బయటి వ్యాసాన్ని మి.మీ.లలో తీసుకుని, పళ్ల సంఖ్యకు 2 కలిపిన అంకెతో భాగిస్తే మాడ్యూల్ సుమారుగా వస్తుంది. పొట్టి పళ్లున్న రింగులకు ఈ లెక్క కచ్చితంగా కుదరదు కాబట్టి, స్టార్టర్ పినియన్‌ను చేతిలో పట్టుకుని కొత్త రింగ్ పళ్లలో దొర్లించి చూడడం నమ్మకమైన పని.

రింగ్‌కూ ఫ్లైవీల్‌కూ మధ్య బిగువు ఎంత ఉండాలి?

రింగ్‌ను ఏ బోల్టూ పట్టి ఉంచదు. దాని లోపలి వ్యాసం ఫ్లైవీల్ సీటు (రింగ్ కూర్చునే అంచు) వ్యాసం కంటే కాస్త తక్కువగా ఉండడమే దాని పట్టు. ఈ తేడా ఇంజనును బట్టి మారుతుంది. కారు, చిన్న లారీ కొలతల్లో ఇది సాధారణంగా 0.25 నుంచి 0.6 మి.మీ. మధ్య ఉంటుంది. పాత రింగ్ తీశాక ఫ్లైవీల్ సీటును మైక్రోమీటరుతో కనీసం మూడు దిక్కుల కొలిచి, కొత్త రింగ్ లోపలి వ్యాసాన్నీ అలాగే కొలిచి పోల్చాలి. చల్లగా ఉన్న రింగ్ చేత్తోనే సీటు మీదికి జారిపోతే అది ఆ ఫ్లైవీల్‌కు పనికిరాదు.

పాత రింగ్‌నే తిప్పి వేయమంటున్నారు. పనికొస్తుందా?

కొత్తది దొరికేదాకా నడిపించడానికి పనికొస్తుంది. రింగ్‌ను బోర్లించి వేస్తే పినియన్‌కు పళ్ల రెండో చివర, రెండో పక్క ఎదురవుతాయి, అవి అరగనివే. కానీ ఆ రెండో చివర కూడా ఏటవాలుగా చెక్కి ఉండాలి, లేకపోతే పినియన్ లోపలికి దూరలేదు. బోర్లించకుండానే స్థానం మార్చే పద్ధతీ ఉంది: నాలుగు సిలిండర్ల ఇంజనుకు 90 డిగ్రీలు, ఆరు సిలిండర్లకు 60 డిగ్రీలు జరిపితే అరగని పళ్లు ఆగే చోటికి వస్తాయి. అయితే రెండుసార్లు వేడెక్కి సాగిన రింగ్ బిగువు కొంత తగ్గవచ్చు కనుక వ్యాసం మళ్లీ కొలిచి తీరాలి.

రెండు పళ్లే విరిగాయి. వెల్డింగ్‌తో నింపి గ్రైండింగ్ చేస్తే సరిపోదా?

సరిపోదు. పళ్లు గట్టిపరిచిన మధ్యస్థ కార్బన్ ఉక్కు. వెల్డింగ్ వేడికి ఆ చోటు ఒకవైపు మెత్తబడుతుంది, పక్కనే పెళుసుబారుతుంది. నింపిన పన్ను కొన్ని స్టార్టులకే రాలి, గేర్‌బాక్స్ హౌసింగ్‌లో పడి మిగతా పళ్లనూ విరగ్గొట్టే ప్రమాదం ఉంది.

మా కారులో డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉందన్నారు. ఆటోమేటిక్ అయితే ఎలా?

డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అంటే రెండు భాగాలుగా చేసిన ఫ్లైవీల్. దాని లోపల స్ప్రింగులు, గ్రీజు ఉంటాయి కనుక దాన్ని మంటకు చూపకూడదు. రింగ్ విడిగా దొరుకుతుందో లేదో కంపెనీ భాగాల జాబితాలో చూసుకుని, దొరకకపోతే మొత్తం ఫ్లైవీలే మార్చాలి. ఆటోమేటిక్ బండ్లలో బరువైన ఫ్లైవీల్ బదులు పల్చటి ఫ్లెక్స్ ప్లేట్ ఉంటుంది. చాలావాటిలో పళ్ల రింగ్ దానికే వెల్డింగ్ చేసి వస్తుంది కాబట్టి ప్లేట్‌ను మొత్తంగా మారుస్తారు.

## విప్పడం, పాత రింగ్ తీయడం

ఫ్లైవీల్ దించే ముందు ఏయే గుర్తులు పెట్టుకోవాలి?

ప్రెజర్ ప్లేటుకూ ఫ్లైవీల్‌కూ కలిపి ఒక గుర్తు, ఫ్లైవీల్‌కూ క్రాంక్ ఫ్లేంజికీ కలిపి ఇంకొక గుర్తు పెట్టండి. కొన్ని ఇంజన్లలో బోల్టు రంధ్రం ఒకటి పక్కకు జరిగి ఉండడంవల్ల తప్పుగా బిగించడం కుదరదు. అలా లేనివాటిలో గుర్తు లేకుండా బిగిస్తే బ్యాలెన్స్ దెబ్బతింటుంది, టైమింగ్ గుర్తు లేదా సెన్సర్ గుర్తు స్థానం తప్పుతుంది. రింగ్ ఫ్లైవీల్ అంచులోని ఏ గట్టుకు ఆని కూర్చుంది, పళ్ల ఏటవాలు ఇంజను వైపు ఉందా గేర్‌బాక్స్ వైపు ఉందా అన్నవి ఫోనులో ఫోటో తీసుకోవాలి. ప్రెజర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. లారీ ఫ్లైవీల్ ఒక మనిషి మోయగల బరువు కాదు. చివరి బోల్టు తీసే ముందు ఇద్దరు పట్టుకోవాలి, లేదా చైన్ పుల్లీ కట్టాలి.

పాత రింగ్‌ను సుత్తితో చుట్టూ కొట్టి తీసేయవచ్చా?

చల్లగా ఉండగా కొడితే ఫ్లైవీల్ పోత ఇనుము అంచు పగలవచ్చు. పాత రింగ్‌ను మళ్లీ వాడేది లేకపోతే, రెండు పళ్ల మధ్య లోతు దగ్గర రింగ్ మందంలో చాలా భాగం పోయేలా డ్రిల్లు వేయండి. బిట్ ఫ్లైవీల్‌ను తాకకముందే ఆపాలి. ఆ బలహీనపడ్డ చోట పదునైన ఉలి పెట్టి ఒక గట్టి దెబ్బ వేస్తే రింగ్ ‘టప్’మని చీలి వదిలేస్తుంది. గట్టిపరిచిన ఉక్కు ముక్కలు వేగంగా ఎగురుతాయి, కాబట్టి కళ్లద్దాలు పెట్టుకోవడం తప్పనిసరి. చుట్టూ నిలబడి చూసేవారిని దూరంగా పంపండి. మళ్లీ వాడదలచుకుంటే రింగ్‌ను చుట్టూ సమానంగా వేడిచేసి, ఫ్లైవీల్ వేడెక్కకముందే ఇత్తడి కడ్డీతో నలువైపులా తడుతూ దించాలి.

గేర్‌బాక్స్ ఎలాగూ దించాం కదా, ఇంకేమేం చూడాలి?

ఖర్చులో పెద్ద భాగం గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలిదే. అందుకే క్రాంక్ వెనుక ఆయిల్ సీల్, పైలట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్, క్లచ్ ప్లేటు మందం అప్పుడే చూసుకోవాలి. అరకు ఘాట్ రోడ్డు మీద తరచూ తిరిగే బండి అయితే ఫ్లైవీల్ ముఖం మీద నీలపు మచ్చలు, సన్నని పగుళ్లు ఉన్నాయేమో ప్రత్యేకంగా గమనించండి. స్టార్టర్ పినియన్‌ను మాత్రం రింగ్‌తో పాటే మార్చడం మంచిది. అరిగిన పినియన్ కొత్త పళ్లను తన ఆకారానికే అరగదీస్తుంది.

## వేడి చేయడం, ఎక్కించడం

రింగ్‌ను ఎంత వేడి చేయాలి?

ఎక్కువ ఇంజన్లకు 200 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ సరిపోతుంది. లెక్క చూద్దాం. ఉక్కు ఒక డిగ్రీ వేడికి తన కొలతలో మీటరుకు సుమారు 0.012 మి.మీ. పెరుగుతుంది. 300 మి.మీ. వ్యాసం ఉన్న రింగ్‌ను 30 డిగ్రీల గాలి వేడి నుంచి 230 డిగ్రీలకు తీసుకువెళితే పెరుగుదల 0.72 మి.మీ. బిగువు 0.4 మి.మీ. అనుకుంటే ఇంకా 0.3 మి.మీ. పైగా ఖాళీ మిగులుతుంది, రింగ్ తనంత తానే సీటు మీదికి జారుతుంది. అంతకంటే ఎక్కువ వేడివల్ల వచ్చే లాభం ఏమీ లేదు, నష్టం మాత్రం ఉంది.

మా మేస్త్రి ఎర్రగా కాలిస్తే సులువుగా ఎక్కుతుందంటున్నారు. నిజమేనా?

ఎక్కడం నిజంగానే సులువవుతుంది, కానీ రింగ్ పాడవుతుంది. పళ్లకు ఫ్యాక్టరీలో ఇచ్చిన గట్టిదనం సుమారు 300 డిగ్రీలు దాటినప్పటి నుంచి తగ్గుతూ పోతుంది, ఎర్రబడే వేడికి పూర్తిగా పోతుంది. కంటికి ఎరుపు కనిపించిందంటే 500 డిగ్రీలు దాటినట్టే. అలా ఎక్కించిన రింగ్ చూడడానికి కొత్తదిలాగే ఉంటుంది. పళ్లు మాత్రం మెత్తని ఇనుములా నలిగి కొన్ని నెలల్లోనే మళ్లీ గరగర మొదలవుతుంది. పాలిష్ చేసిన ఉక్కు వేడికి రంగు మారే వరుసను గుర్తుంచుకోండి: లేత గడ్డి రంగు సుమారు 220 డిగ్రీలు, గోధుమ రంగు 250, ఊదా 280, నీలం 300. గోధుమ రంగు దగ్గర ఆగిపోవాలి. పళ్ల మీద నీలం కనిపిస్తే ఆ రింగ్‌ను వాడకపోవడమే మేలు.

వేడి ఎంత ఉందో కచ్చితంగా ఎలా తెలుసుకోవాలి?

ఉష్ణోగ్రత సూచించే క్రేయాన్‌లు అన్నిటికంటే నమ్మకమైనవి. నిర్ణీత వేడికి గీత కరిగిపోతుంది. గన్‌లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మెరిసే లోహం మీద అసలు కంటే తక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి ఇంకా వేడి చేస్తే రింగ్ పాడవుతుంది. రింగ్ పక్క ముఖం మీద నల్లటి మ్యాట్ పెయింటు కొద్దిగా పూసి అక్కడే గురిపెట్టాలి. ఇవేవీ లేకపోతే ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే 60/40 తగరం, సీసం సోల్డర్ తీగను రింగ్‌కు తాకించండి. అది 190 డిగ్రీల లోపే పూర్తిగా కరుగుతుంది కనుక, చుట్టూ ఎక్కడ తాకించినా వెంటనే కరిగిందంటే అవసరమైన వేడి దగ్గరికి వచ్చినట్టే.

ఓవెన్ మంచిదా, గ్యాస్ మంట మంచిదా, నూనెలో వేడి చేయవచ్చా?

ఓవెన్ అన్నిటికంటే మంచిది, ఎందుకంటే రింగ్ మొత్తం ఒకే వేడికి వస్తుంది. గాజువాక చుట్టుపక్కల ఫ్యాబ్రికేషన్ షెడ్లలో వెల్డింగ్ ఎలక్ట్రోడ్లను ఆరబెట్టే ఓవెన్లు ఉంటాయి. రింగ్ పట్టేంత పెద్దది దొరికితే ఈ పనికి చక్కగా సరిపోతాయి, ఆ వేడి వాటికి మామూలే. బేకరీ ఓవెన్‌లో చమురు పూసిన రింగ్‌ను పెట్టకండి. అది ఆహారం వండే చోటు. గ్యాస్ మంట తప్పనిసరి అయితే రింగ్‌ను అగ్ని ఇటుకల మీద చదునుగా ఉంచి, పెద్ద నాజిల్‌తో, మంటను పళ్లకు కాక లోపలి అంచుకు చూపుతూ ఆగకుండా గుండ్రంగా తిప్పాలి. ఒకచోట నిలిపితే అక్కడ పళ్లు మెత్తబడతాయి, రింగ్ కోడిగుడ్డు ఆకారానికి వంగుతుంది. ఇంజను ఆయిల్‌లో వేడి చేయవద్దు. అవసరమైన వేడికి చేరేలోపే దాని ఆవిరి అంటుకునే స్థితి వస్తుంది.

ఎక్కించేటప్పుడు వరుస ఏమిటి?

సీటును తీగ బ్రష్‌తో తుడిచి, గాట్లను సన్నని ఆకురాయితో సమం చేసి, ఫ్లైవీల్‌ను చల్లని చదునైన చోట సీటు పైకి ఉండేలా పెట్టండి. పెట్రోలుతో కడిగి ఉంటే అది పూర్తిగా ఆరేవరకు దగ్గరలో మంట ఉండకూడదు. పళ్ల ఏటవాలు ఏ వైపు రావాలో తీసుకున్న ఫోటోతో మరోసారి సరిచూసుకోండి. సాధారణంగా అది పినియన్ ప్రవేశించే వైపే ఉండాలి. రింగ్‌ను రెండు పటకారులతో ఇద్దరు సమంగా పట్టుకుని ఒకేసారి దించాలి. గట్టుకు ఆనిందో లేదో చూస్తూ ఇత్తడి కడ్డీతో చుట్టూ తేలికగా తట్టండి. రింగ్ చల్లని ఫ్లైవీల్‌ను తాకిన కొద్ది సెకన్లలోనే పట్టేస్తుంది కాబట్టి, ఇవన్నీ ముందే సిద్ధంగా ఉండాలి.

సగం దిగి ఒక పక్క ఇరుక్కుపోయింది. గట్టిగా కొట్టనా?

వద్దు. వాలుగా పట్టిన రింగ్‌ను కొట్టేకొద్దీ సీటు చెక్కుకుపోతుంది. వెంటనే రింగ్‌ను చుట్టూ మళ్లీ వేడిచేసి, కింది నుంచి తట్టి పూర్తిగా బయటికి తీయండి. రెండూ గది వేడికి వచ్చేదాకా ఆగి, గాట్లు ఉంటే సమం చేసి, మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఎక్కించాక నీళ్లు పోసి చల్లార్చాలా?

కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించి నీళ్లు పోసే పద్ధతి తెలిసినవారు ఇది తప్పక అడుగుతారు. ఎక్కించే సూత్రం రెండింటికీ ఒకటే అయినా ఇక్కడ నీళ్లు పోయకూడదు. అక్కడ కర్ర కాలిపోకుండా నీళ్లు కావాలి. ఇక్కడ హఠాత్తుగా చల్లారితే రింగ్ పగిలే ప్రమాదం, పోత ఇనుము ఫ్లైవీల్‌కు పగులు వచ్చే ప్రమాదం ఉన్నాయి. తడి గుడ్డ కూడా వేయవద్దు. గాలికి దానంతట అదే చల్లారాలి. విశాఖ గాలిలోని ఉప్పు తేమకు కొత్త రింగ్ త్వరగా తుప్పు పడుతుంది కనుక, చల్లారాక పళ్లకు పల్చగా నూనె రాయండి. క్లచ్ ముఖానికి మాత్రం అంటకూడదు.

భద్రత కోసం రెండు మూడు చోట్ల టాక్ వెల్డింగ్ పెట్టించనా?

అక్కర్లేదు. సరైన బిగువు ఉంటే వెల్డింగ్ అనవసరం. బిగువు లేకపోతే టాకులు కొద్ది రోజుల్లో తెగుతాయి. పోత ఇనుము, గట్టి ఉక్కు కలిసే చోట టాక్ దగ్గర పగుళ్లు మొదలవుతాయి. సరైన కొలత ఉన్న రింగ్ కూడా జారుతోందంటే ఆ ఫ్లైవీల్ సీటు అరిగిపోయిందని అర్థం, మార్చాల్సింది ఫ్లైవీల్.

## తిరిగి బిగించడం, పరీక్షించడం

రింగ్ సరిగా కూర్చుందని ఎలా నమ్మాలి?

చల్లారాక రింగ్‌కూ గట్టుకూ మధ్య ఫీలర్ గేజిలో అతి పల్చటి రేకు చుట్టూ ఎక్కడా దూరకూడదు. ఫ్లైవీల్‌ను క్రాంక్‌కు బిగించాక డయల్ గేజి పెట్టి, రింగ్ పక్క ముఖం మీద ఒక పూర్తి చుట్టు తిప్పి ఊగు చూడండి, అది మాన్యువల్ హద్దులో ఉండాలి. చిన్న సుత్తితో రింగ్‌ను తాకితే గట్టిగా కూర్చున్నది గంటలా మోగుతుంది, వదులుగా ఉన్నది బొంగురుగా పలుకుతుంది.

ఫ్లైవీల్ పాత బోల్టులే వాడవచ్చా? బ్యాలెన్సింగ్ చేయించాలా?

ఒకసారి సాగే రకం బోల్టులైతే కొత్తవే వేయాలి, ఏ రకమో మాన్యువల్ చెబుతుంది. రంధ్రాలు క్రాంక్‌కేసులోకి తెరుచుకుని ఉంటే మరలకు సీలెంట్ రాయకపోతే ఆయిల్ కారి క్లచ్ ప్లేటు మీదికి వస్తుంది. బోల్టులను ఎదురెదురుగా రెండు మూడు విడతల్లో టార్క్ రెంచితో బిగించాలి. సరైన రింగ్ మార్చినంత మాత్రాన సాధారణంగా బ్యాలెన్సింగ్ అవసరం ఉండదు. ఫ్లైవీల్ ముఖాన్ని లేత్ మీద కోయించినప్పుడు, లేదా ఎప్పుడైనా ఎవరైనా దానికి వెల్డింగ్ పెట్టి ఉన్నప్పుడు తప్పక చేయించండి.

కొత్త రింగ్ వేశాక సెల్ఫ్ కొడితే కీచుమంటోంది. ఏం చేయాలి?

ఇంజను ఇంకా అందుకోకముందు, స్టార్టర్ తిప్పుతుండగా కీచు వస్తే పినియన్‌కూ రింగ్‌కూ మధ్య ఖాళీ ఎక్కువైందని అర్థం. ఇంజను అందుకుని తాళం వదిలే క్షణంలో వస్తే ఖాళీ తక్కువై పళ్లు బిగుసుకుంటున్నాయని అర్థం. షిమ్ అనే పల్చటి సర్దుబాటు రేకులతో అమర్చే స్టార్టర్ అయితే రేకులు తీసి లేదా చేర్చి సరిచేయవచ్చు. హౌసింగ్ రంధ్రంలో గుండ్రంగా కూర్చునే స్టార్టర్లకు అలాంటి సర్దుబాటు ఉండదు. వాటిలో కీచు వచ్చిందంటే స్టార్టర్ ముఖం కింద మట్టి లేదా పెయింటు పొర చిక్కుకుని వాలుగా కూర్చుందేమో, బోల్టు వదులుగా ఉందేమో, తెచ్చిన రింగ్ మాడ్యూలే వేరేమో ఆ వరుసలో చూడాలి. ఏ తనిఖీ అయినా బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసేశాకే చేయండి, స్టార్టర్ మీది లావు వైరుకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది.